మోర్స్ తీసేస్తే హామ్‌లు పెరుగుతారా? (ఒంగోలు, నెల్లూరు వైపు వాళ్ళ చర్చ)

పెన్నాగట్టు:
లైసెన్సు రూల్సు సులువు చేస్తే హామ్‌లు (సరదా కోసం లైసెన్సు తీసుకుని రేడియోలో మాట్లాడుకునేవాళ్ళు) పెరుగుతారని కొందరంటారు. పెరిగేది రిజిస్టర్లో పేర్లేగానీ గాల్లో గొంతులు కావని ఇంకొందరు. మన దేశంలో కింది మెట్టయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడుకి మోర్స్ (చుక్క, గీత చప్పుళ్ళతో అక్షరాలు పంపే పద్ధతి) పరీక్ష లేదు. పై మెట్టు జనరల్ గ్రేడుకి మాత్రం నిమిషానికి 8 మాటల పరీక్ష ఉంది. దాన్నీ తీసేస్తే నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు కొత్త కాల్‌సైన్లు (ఒక్కో స్టేషనుకిచ్చే గుర్తింపు పేర్లు) వస్తాయా? బయటి దేశాల్లో రూలు మారినప్పుడు ఏమైంది? ఊహలు కాకుండా తెలిసిన సంగతులు రాయండి.

ఒంగోలు డైపోల్:
చెరువులో నీళ్ళెన్నో తేల్చాలంటే వాగు ఒక్కటే చూస్తే చాలదు, తూము కూడా చూడాలి. పరీక్ష అనేది వాగు. రెన్యూవల్ అనేది తూము. జనం ఎప్పుడూ వాగు గురించే పోట్లాడుకుంటారు.

అమెరికాని తీసుకోండి. 1991 ఫిబ్రవరిలో టెక్నీషియన్ తరగతికి మోర్స్ తీసేశారు. 2000 ఏప్రిల్‌లో పై తరగతులకున్న 13, 20 మాటల పరీక్షలు పోయి వాటికీ 5 మాటలే మిగిలింది. 2003లో జెనీవా ప్రపంచ రేడియో సదస్సు 30 మెగాహెర్ట్జ్ కింద మోర్స్ తప్పనిసరి అన్న నిబంధన ఎత్తేసి, ఏ దేశం ఇష్టం దానిదే అంది. 2007 ఫిబ్రవరి 23 నుంచి అమెరికాలో మోర్స్ పరీక్షే లేదు. ఆ ఏడాది చివర్లో అక్కడి లైసెన్సులు సుమారు 6.55 లక్షలు, పదేళ్ళకి 7.4 లక్షలు దాటినై. ఇక్కడిదాకా చూసి "చూశారా, మోర్స్ పోయింది, జనం వచ్చారు" అనేస్తారు.

అక్కడి లైసెన్సు గడువు 10 ఏళ్ళు. గడువు తీరాక కూడా ఇంకో 2 ఏళ్ళు రెన్యూ చేసుకోవచ్చు. 1991 ఊపులో లైసెన్సు తీసుకుని మరుసటేడే రేడియో మూలన పడేసినవాడు కూడా 2001 దాకా లెక్కలో ఉంటాడు. అంటే రూలు మారిన పదేళ్ళకి గానీ దాని అసలు ఫలితం తెలీదు. ఏడాదికేడాది మొత్తాలు పక్కపక్కన పెట్టి వాదించడం అందుకే దండగ. కొత్తగా ఇచ్చినవెన్ని, గడువు తీరి పోయినవెన్ని అని రెండు వరసలుగా చూడాలి.

జపాన్ సంగతి ఇంకా తమాషా. అక్కడ నాలుగో తరగతికి మోర్స్ అవసరం పడలేదు. 1995లో 13.6 లక్షల స్టేషన్లతో ప్రపంచంలోనే పైన ఉంది. ఇప్పుడు 4 లక్షల లోపు. పరీక్ష కష్టమై పడిపోలా. సెల్‌ఫోను వచ్చింది, స్నేహితులతో మాట్లాడుకోవడానికే రేడియో పెట్టుకున్నవాళ్ళు పోయారు. పైగా అక్కడ స్టేషను లైసెన్సు 5 ఏళ్ళకోసారి రెన్యూ చేయాలి, కాబట్టి మానేసినవాడు తొందరగా లెక్కలోంచి రాలిపోతాడు. అమెరికాలో అయితే అదే మనిషి ఇంకో ఐదేళ్ళు కనిపించేవాడు.

ఇంగ్లండులో 2002లో ఫౌండేషన్ లైసెన్సు పెట్టి ప్రవేశం సులువు చేశారు. 2006లో జీవితకాలం లైసెన్సు తెచ్చారు, ఐదేళ్ళకోసారి వివరాలు సరిచూసుకుంటే చాలు. ఆస్ట్రేలియాలో 2024 ఫిబ్రవరి నుంచి క్లాస్ లైసెన్సు. విడివిడి లైసెన్సులే పోయినై, పరీక్ష అర్హత, కాల్‌సైన్ ఉంటే చాలు. రేపు ఎవరైనా "ఆస్ట్రేలియాలో లైసెన్సులు కుప్పకూలాయి" అని గ్రాఫు పెడితే నవ్వి ఊరుకోండి.

చీమకుర్తి రాయి:
మరి మన దేశంలో తూము సంగతేంది?

ఒంగోలు డైపోల్:
మూసే ఉంది. మన లైసెన్సు 20 ఏళ్ళకి 1000 రూపాయలు, జీవితకాలానికి 2000 రూపాయలు. వెయ్యి తేడాకి ఎవరైనా జీవితకాలమే తీసుకుంటారు. మానేసినవాడూ, ఊరు మారినవాడూ, కాలం చేసినవాడూ అందరూ లెక్కలోనే. కాబట్టి మన మొత్తం సంఖ్య పెరిగిందంటే "ఇంతమంది ఉన్నారు" అని కాదు, "ఇప్పటిదాకా ఇంతమంది తీసుకున్నారు" అని.

కావలి కీయర్:
డైపోల్ గారి తూము లెక్క ఒప్పుకుంటా. కానీ మన దగ్గర మోర్స్‌ది చిన్న పాత్ర అంటే మాత్రం ఒప్పుకోను. రెస్ట్రిక్టెడ్ నుంచి జనరల్‌కి వెళ్ళాలనుకునేవాళ్ళు ఆగేది అక్కడే. అయితే పరీక్ష కష్టమై కాదు, తప్పు పద్ధతిలో నేర్చుకోవడం వల్ల.

పరీక్ష ఇదీ. 200 అక్షరాల పాఠం, 5 నిమిషాలు. ఐదక్షరాలు ఒక మాట లెక్క, కాబట్టి నిమిషానికి 40 అక్షరాలు. అసలు పరీక్షకి ముందు ఒక నిమిషం అలవాటు కోసం పంపుతారు. వినడంలో గానీ పంపడంలో గానీ 5 కంటే ఎక్కువ తప్పులొస్తే ఫెయిల్. రెండో అవకాశం ఆ రోజు ఉండదు.

తప్పెక్కడంటే, చుక్కలు గీతలు కాయితం మీద రాసుకుని బట్టీ పడతారు. అప్పుడు చెవి విన్నదాన్ని మనసు ముందు చుక్కల్లోకి, తర్వాత అక్షరంలోకి మార్చాలి. 5 మాటల వేగం దాకా ఇది నడుస్తుంది. ఆ పైన లెక్కపెట్టే టైముండదు, 6, 7 దగ్గర గోడ తగిలినట్టు ఆగిపోతారు. అందుకని మొదటి రోజు నుంచే ఒక్కో అక్షరాన్ని 18 మాటల వేగంతో వినాలి, అక్షరాల మధ్య ఖాళీ మాత్రం సాగదీసి మొత్తం వేగం 8కి తేవాలి. రెండక్షరాలతో మొదలుపెట్టి, నూటికి తొంభై సరిగా వస్తేనే మూడోది కలపాలి. రోజుకి 15 నిమిషాలు రెండుసార్లు. ఒక్కసారే గంట కూర్చుంటే చెవి మొద్దుబారుద్ది.

పోయిన అక్షరం కోసం ఆగకండి. గీత గీసి ముందుకెళ్ళండి. ఒకటి పట్టుకోబోయి తర్వాతి మూడు పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ.

పంపడం అలవాటుకి చప్పుడు చేసే చిన్న సర్క్యూట్ కావాలి, 555 టైమరు ఐసీ చాలు. 8వ, 7వ కాళ్ళ మధ్య 1 కిలో ఓమ్. 7, 6 మధ్య 10 కిలో ఓమ్. 6ని 2తో కలిపి, అక్కణ్ణుంచి 1కి 0.1 మైక్రోఫారడ్. 4ని 8కి కట్టండి. 3వ కాలు నుంచి ఒక 10 మైక్రోఫారడ్, ఒక 100 ఓమ్ మీదుగా చిన్న స్పీకరు. 9 వోల్టుల బ్యాటరీ ప్లస్ తీగలో కీ. సుమారు 690 హెర్ట్జ్ వస్తుంది, చెవికి హాయి. కీ తర్వాత సప్లయికి అడ్డంగా పెద్ద కెపాసిటర్ పెట్టొద్దు, కీ వదిలాక కూడా తోకలాగా మోగుద్ది. ఆ అలవాటుతో వెళితే పరీక్షలో చుక్కలు గీతలైపోతై.

మైపాడు అల:
కీయర్ అన్నా, పరీక్ష సంగతి సరే, పరీక్ష దాకా పోవడం సంగతి? రూల్లో ఉన్న పట్టిక చూడండి. ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలలో నెలనెలా. హైదరాబాద్, అహ్మదాబాద్, నాగపూర్‌లలో రెండు నెలలకోసారి. విశాఖపట్నంలాంటి చోట్ల ఇంకా అరుదుగా. నెల్లూరోళ్ళకి చెన్నై రైలుకి మూడు గంటలు, దగ్గరే. మార్కాపురం, కనిగిరి వైపు పిల్లాడికి ఏ కేంద్రమైనా ముందురోజు బయల్దేరాల్సిందే. పరీక్షకి కనీస వయసు 12, అంటే వెంట ఇంకొకరు. ఇద్దరికి చార్జీలు, బస. మోర్స్ లేని గ్రేడుకి కూడా ఈ ఖర్చు తప్పదు.

అమెరికాలో 1984 నుంచి పరీక్షలు వాలంటీర్ల చేతికిచ్చారు. హామ్‌లే ఊళ్ళో పరీక్ష పెడతారు. మోర్స్ తీయడం కంటే ఇదే పెద్ద మార్పని నా లెక్క. మన రూల్సులో ఒక్కటి మార్చమంటే, ఒంగోల్లో ఏడాదికి రెండు పరీక్షలు పెట్టమంటా.

పెన్నాగట్టు:
దరఖాస్తు వరసగా చెప్పండి ఎవరైనా. అడిగేవాళ్ళు చాలామంది.

మైపాడు అల:
సరళ్ సంచార్ పోర్టల్‌లో ఖాతా తెరవాలి. మొదటి మెట్టు పరీక్ష దరఖాస్తు. పాసైతే వచ్చేది ఆపరేటర్ సర్టిఫికెట్. రెండో మెట్టు స్టేషను లైసెన్సు దరఖాస్తు, దానితోనే కాల్‌సైన్. రెస్ట్రిక్టెడ్‌కి వీయూ3తో, జనరల్‌కి వీయూ2తో మొదలవుద్ది. రెస్ట్రిక్టెడ్ పేపరు గంట, జనరల్ రెండు గంటలు. రెండిట్లోనూ రేడియో సిద్ధాంతం ఒక భాగం, నిబంధనలు ఇంకో భాగం. రెస్ట్రిక్టెడ్‌కి ఒక్కో భాగంలో 40 శాతం, మొత్తం మీద 50. జనరల్‌కి 50, 55. ఓమ్ సూత్రం, ట్రాన్సిస్టరు మీద రాత్రింబవళ్ళు కూర్చుని నిబంధనల భాగంలో పోగొట్టుకునే ఇంజనీరింగ్ పిల్లలు ఎక్కువ. క్యూ-కోడ్ (Qతో మొదలయ్యే మూడక్షరాల సంకేతాలు), ఫొనెటిక్ అక్షరాలు (ఆల్ఫా, బ్రావో లాంటివి), లాగ్‌బుక్‌లో ఏమేం రాయాలి, బ్యాండు హద్దులు, ఇవి వరసగా బట్టీ పట్టాల్సినవే.

మన తెలుగోళ్ళ దరఖాస్తులు ఆగేది పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా, అదీ ముందో వెనకో. పోర్టల్‌లో ఎట్టా రాస్తే సర్టిఫికెట్ అట్టానే వస్తుంది, తర్వాత లైసెన్సుకి పెట్టే కాయితంతో కలవదు. ముందే ఆధార్‌ని మెమోతో సరిచేసుకుని అప్పుడు ఖాతా తెరవండి. చిరునామా కూడా చూసుకోండి. 2022లో జిల్లాలు విడదీశాక చీరాల, సూళ్ళూరుపేట వాళ్ళ కార్డుల మీద పాత జిల్లా పేరే ఉండొచ్చు.

కొత్తకోడి:
సర్టిఫికెట్ వచ్చాక వాకీటాకీ కొనుక్కోవచ్చా? ఆన్‌లైన్లో రెండు వేలకే ఉంటున్నై.

కావలి కీయర్:
కొనొద్దు తమ్ముడూ. సర్టిఫికెట్ అంటే నువ్వు నడపగలవని. లైసెన్సు అంటే నీ దగ్గర సెట్టు ఉండొచ్చని. రెండోది చేతికొచ్చేదాకా ట్రాన్స్‌మిటర్ దగ్గరుంచుకోకూడదు. ఈలోపు రిసీవరుతో విను. 7 మెగాహెర్ట్జ్ దగ్గర పొద్దున పూట మన దేశం వాళ్ళంతా దొరుకుతారు. లైసెన్సు అక్కర్లేకుండా వాడే 446 మెగాహెర్ట్జ్ సెట్లు వేరే రకం. అర వాటు శక్తి, హామ్ బ్యాండు కాదు. బాక్సు మీద "లైసెన్సు అక్కర్లేదు" అని రాసున్నంత మాత్రాన లోపలి సెట్టు 144 మెగాహెర్ట్జ్ హామ్ బ్యాండులో పంపగలిగితే అది ఆ మినహాయింపు కిందికి రాదు.

ఉదయగిరి కొండ:
ఆ రెండు వేల సెట్టు గురించి ఒక మాట. కొత్తవాళ్ళు రాలిపోవడానికి పరీక్ష కంటే అదే పెద్ద కారణం. అది వాడే వీహెచ్‌ఎఫ్ (30 మెగాహెర్ట్జ్ పైన తరంగాలు) చూపు మేరకే పోతుంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో ఆ వైపు హద్దు. మనిషి చేతిలో సెట్టు ఎత్తు 1.5 మీటర్లు అనుకుంటే ఇద్దరికీ కలిపి 10 కిలోమీటర్లు, అదీ ఏమీ అడ్డం లేని ఇసకలో. ట్రంకు రోడ్డు మీద మేడల మధ్య రెండు మూడు దాటదు. పది మీటర్ల మిద్దె మీద ఇద్దరూ యాంటెన్నా పెట్టుకుంటే 26. నెల్లూరు, ఒంగోలు మధ్య రోడ్డు దూరం వంద పైనే. మధ్యలో రిపీటరు (విన్నదాన్ని ఎత్తు మీంచి మళ్ళీ పంపే స్టేషను) లేకపోతే వీయూ3 వాడికి ఆ సెట్లో వినపడేది బుస్సుమనే చప్పుడే. రెణ్ణెల్లు విని అటక మీద పెడతాడు. రిజిస్టర్లో మాత్రం జీవితకాలం ఉంటాడు.

చాలామందికి తెలీని విషయం, రెస్ట్రిక్టెడ్ గ్రేడుకి ఇప్పుడు హెచ్‌ఎఫ్ (30 మెగాహెర్ట్జ్ కింద, దూరం పోయే తరంగాలు) కూడా ఉంది, 50 వాట్ల దాకా. ఆ రూలు మార్పు మోర్స్ మార్పు కంటే విలువైనది, కానీ దాన్ని వాడుకునే సెట్టు ఉండాలిగా.

ఒంగోలు డైపోల్:
అక్కడికే వస్తున్నా. మన దేశంలో సంఖ్య నిజంగా ఎగిరింది ఎప్పుడు? 1980 నాటికి దాదాపు 1500 మంది. 1984లో వైర్‌లెస్ సామాను మీద దిగుమతి సుంకం ఎత్తేశారు. రాజీవ్ గాంధీ తనే హామ్, కాల్‌సైన్ వీయూ2ఆర్‌జీ. హైదరాబాద్‌లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ మొదలైందీ అంతకు ముందేడే, 1983లో. 2000 నాటికి దాదాపు పదివేలు. ఆ ఇరవై ఏళ్ళూ అప్పటి గ్రేడు-1, గ్రేడు-2 లకి మోర్స్ ఉండనే ఉంది. అంటే పరీక్ష అట్టానే ఉండగా సెట్టు దొరికేసరికి జనం వచ్చారు.

చీమకుర్తి రాయి:
సెట్టు చేసుకునే దారి కూడా మన పక్కనే పుట్టింది. హైదరాబాద్ అశ్‌హర్ ఫర్హాన్ 2003లో ఇచ్చిన బిట్‌ఎక్స్ డిజైను. కొళాయి వాషర్ల మీద తీగ చుట్టి కాయిల్సు, వీధి చివర కొట్లో దొరికే ట్రాన్సిస్టర్లు, చివర్లో పవరిచ్చే ట్రాన్సిస్టరు ఐఆర్‌ఎఫ్510. ఆరేడు వాట్లు. నెల్లూరు నుంచి 7 మెగాహెర్ట్జ్ మీద పగలు బెంగళూరు, హైదరాబాద్ తేలిగ్గా.

పాడయ్యేది ఎప్పుడూ ఆ 510 ఒక్కటే. దాని లోహపు వీపు డ్రెయిన్‌కి కలిసి ఉంటుంది, కాబట్టి హీట్‌సింక్‌కి మధ్య మైకా ముక్క, ప్లాస్టిక్ బుష్ తప్పనిసరి. అది మరిచి స్క్రూ బిగిస్తే సప్లయి నేరుగా చాసిస్‌కి షార్టు. రెండోది, బయాస్ ప్రీసెట్ (ఆ 510లో ఊరికే పారే కరెంటుని సరిచేసే మర) పూర్తిగా తగ్గించి ఆన్ చేయాలి. అమ్మీటరు సప్లయి తీగలో పెట్టి, మాట్లాడకుండా పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే మీట) నొక్కి, ఉన్నదాని మీద 100 మిల్లీఆంపియర్లు పెరిగేదాకా మెల్లగా తిప్పాలి. సూది ఉన్నట్టుండి దూకితే అది బయాస్ కాదు, ఆసిలేషన్ (తనంతట తనే సిగ్నలు పుట్టించడం). గేటు తీగ పొడుగైంది, కురచ చేయండి. యాంటెన్నా లేకుండా పీటీటీ నొక్కితే దాన్ని ఎవరూ కాపాడలేరు. 50 ఓమ్ డమ్మీ లోడు (యాంటెన్నా బదులు పెట్టే రెసిస్టరు) ముందు చేసుకోండి. 220 ఓమ్, 2 వాట్ల కార్బన్ రెసిస్టర్లు నాలుగు పక్కపక్కన కలిపితే 55 ఓమ్‌లు. ఆరేడు వాట్లకి చాలు.

ఉదయగిరి కొండ:
ఇంక యాంటెన్నా తీగ, మధ్యలో విడగొట్టి రెండు వైపులా చాచే డైపోల్. 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడుగు మీటర్లలో. 7.1కి 20.1, అంటే వైపుకి 10 పైచిలుకు. ఇంటి వైరింగ్ 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడితే పైతొడుగు వల్ల ఇంకా కురచ కావాలి. అయినా 10.3 దగ్గర కోసి కట్టండి, తర్వాత తగ్గించండి. వైపుకి 1 సెంటీమీటరు తీస్తే 7 కిలోహెర్ట్జ్ పైకి జరుగుద్ది. కోసిన ముక్క మళ్ళీ అతకదు, కాబట్టి కోయకుండా మడిచి చుట్టి ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా సెట్టుకి ఎంత కుదిరిందో చెప్పే కొలత) చూడండి.

మధ్యలో తాటిచెట్టో కొళాయి పైపో, చివర్లు కిందికి దించి తలకిందుల వీ లాగా. ఆరేడు మీటర్ల ఎత్తు చాలు. తక్కువ ఎత్తయితే తరంగం నిటారుగా పైకి పోయి 300 కిలోమీటర్ల లోపల పడుద్ది, జిల్లాల మధ్య మాటకి అదే కావాలి. రాత్రి పొద్దుపోయాక 7లో దగ్గరివాళ్ళు మాయమైతే సెట్టు చెడిపోలా, 3.5కి దిగండి.

కోస్తా వైపు అసలు శత్రువు ఉప్పుగాలి. కొత్తపట్నం, మైపాడు, కృష్ణపట్నం దగ్గర కనెక్టరు విప్పార్చి వదిలేస్తే ఒక వానాకాలంలో కోయాక్స్ (యాంటెన్నా కేబులు) లోపలి రాగి జడ పచ్చబడుద్ది. నీళ్ళు జడ వెంట లోపలికి మీటర్ల దూరం పాకుతై. తీగ కిందికి ఒక వంకర తిరిగి పైకి కనెక్టరుకి రావాలి, నీళ్ళు ఆ వంకర దగ్గర కారిపోవాలి. సాగే రబ్బరు టేపు చుట్టి, దానిపైన మామూలు టేపు.

కొత్తకోడి:
మా వైపు అన్నీ రొయ్యల గుంటలు. 7 మెగాహెర్ట్జ్ అంతా గరగరే. ఏం చేయాలి?

చీమకుర్తి రాయి:
ముందు ఇంటి చప్పుడా, గుంట చప్పుడా తేల్చు. రిసీవరు బ్యాటరీ మీద నడుపుతూ ఇంటి మెయిన్ ఆపు. గరగర తగ్గితే ఇంట్లో ఎల్‌ఈడీ బల్బు, ఇన్వర్టరు, చార్జరు, ఒక్కోటీ వేసి చూడు. తగ్గకపోతే బయటిది. ఏరియేటరు మోటారు ఉత్తదైతే పెద్దగా అరవదు. దాన్ని నడిపే వేగం మార్చే డ్రైవు, మసిబారిన స్టార్టరు కాంటాక్టులు, గుంట గట్టు మీద చవక ఎల్‌ఈడీ లైట్లు, ఇవీ దొంగలు. మా వైపు గ్రానైట్ ఫ్యాక్టరీల డ్రైవులు కూడా ఇంతే. డైపోల్‌ని కరెంటు లైనుకి సమాంతరంగా కాకుండా అడ్డంగా తిప్పు. యాంటెన్నా మొదట్లో కోయాక్స్‌ని అరచేతి వెడల్పు చుట్టగా పది పన్నెండు చుట్లు చుట్టు, తీగ పైతొడుగు మీద పాకే చప్పుడు ఆగుద్ది. ఏరియేటర్లు ఆపే వేళ ఏదో గుంటాయన్ని అడిగి ఆ టైముకి కూర్చో.

మైపాడు అల:
చూశారా, ఈ గరగర ఏ రూలు మార్చినా పోదు. కొత్తవాణ్ణి నిలబెట్టేది ఇట్టాంటి సాయమే.

సందర్భం వచ్చింది కాబట్టి, 2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ-సీ6లో హామ్‌ల కోసం చేసిన హామ్‌శాట్ పోయింది మన శ్రీహరికోట నుంచే, అప్పట్లో నెల్లూరు జిల్లా. 42.5 కిలోల ఉపగ్రహం, 2014 దాకా పనిచేసింది. చేతి యాంటెన్నాతో దేశం దాటి మాట్లాడగలిగేవాళ్ళు దానిమీద. నెత్తి మీదుగా హామ్ ఉపగ్రహం ఎగిరిన జిల్లాలో పరీక్ష కోసం చెన్నై రైలెక్కాలి, అదీ కథ.

పెన్నాగట్టు:
2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం 1885, 1933 పాత చట్టాల స్థానంలో వచ్చింది కదా, మనవన్నీ వాటి కింద పుట్టిన 1978 నిబంధనలు. పాత లైసెన్సులు ఉన్నవాళ్ళు ఏం చూసుకోవాలి?

ఒంగోలు డైపోల్:
లైసెన్సు స్కాన్ కాపీ, సర్టిఫికెట్, సెట్టు కొన్న రసీదు, మోడల్, సీరియల్ నంబరు ఒకచోట పెట్టుకోండి. లైసెన్సు మీద చిరునామా మారితే పోర్టల్‌లో మార్పించండి. కాయితపు లైసెన్సు మాత్రమే ఉన్న పాతవాళ్ళు పోర్టల్‌లో తమ పేరు కనపడుతోందా లేదా చూసుకోవాలి. పేర్లు కొత్తగా ఎక్కించుకోమని ఏ దేశంలో అడిగినా మొదట జారిపోయేది అటక మీద సెట్టు పెట్టినవాళ్ళే. అప్పుడు సంఖ్య పడుద్ది. దాన్ని చూసి హామ్ రేడియో చచ్చిపోయిందని రాసేవాళ్ళూ వస్తారు.

కొత్తకోడి:
కీయర్ అన్నా, ఆఖరి ప్రశ్న. 200 అక్షరాల్లో అంకెలు ఒక్కోటి ఒక్కటేనా లెక్క?

కావలి కీయర్:
కాదు, అంకె గానీ విరామ చిహ్నం గానీ రెండక్షరాల కింద లెక్క. ఐదారు గుర్తులుంటై కాబట్టి వినడానికే పొడుగు. చివర్లో నేర్చుకోకుండా అక్షరాలు సగమయ్యాక కలిపెయ్. 5, 6 దగ్గర ఎక్కువ తడబడతారు, ముందు ఆ రెండూ పక్కపక్కన పెట్టి విను. 73 (హామ్‌ల భాషలో శుభాకాంక్షలు).